కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టీవీ గేములు

పోయినవి ముందు చెప్పేస్తాను.

టీవీ గేమ్ పెట్టెలు పదకొండు. వాటి రిమోట్లు ఇరవై రెండు. క్యాసెట్లు అరవై నాలుగు. వీటిలో తొమ్మిదింటి మీద బొమ్మలు వేరైనా లోపల ఉన్నది ఒకటే ఆట, కాబట్టి ఆ తొమ్మిదినీ ఒకటిగా లెక్కవేసినా నాకు అభ్యంతరం లేదు. చేతిలో పట్టుకుని ఆడే బ్యాటరీ సెల్లు గేములు ముప్పైలో ఇరవై ఏడు. ప్లాస్టిక్ తుపాకులు మూడు. ఆ ఏడాది వేసవి బేరంలో సగం పైనే. మా బావమరిది అంజి నాతో మాట్లాడడం, పదకొండు రోజుల పాటు.

ఇవన్నీ ఒకే ఉదయం పోయాయి. దొంగలు పడలేదు, మంటలు రేగలేదు. పరీక్షల నెలలో సరుకు ఎండకి పాడవకుండా ఉండాలని నేనే తీసుకెళ్ళి మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టాను.

చిలకలూరిపేటలో పదమూడేళ్ళు వీడియో గేముల దుకాణం నడిపి, మూసేశాను. ఇప్పుడు గేమింగ్ సెంటర్ పెట్టాలనుకునే కుర్రాళ్ళు అప్పుడప్పుడు వచ్చి, "అంకుల్, ఏ మిషన్ కొనమంటారు?" అని అడుగుతుంటారు. మిషన్ల సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. కుర్చీలో కూర్చున్న మనిషి గురించి, గోడకున్న ప్లగ్గు గురించి మాత్రం నాకు కొంత తెలుసు. అదే రాస్తున్నాను.

గోడ మీది నిమిషాలు

దుకాణం పెట్టకముందు పన్నెండేళ్ళు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేశాను. చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం కాటా దగ్గరే నేర్చుకున్నాను. మా షావుకారు తూకం వేసేటప్పుడు ఒకటే మాట చెప్పేవాడు: "ముల్లు చూడరా సాంబయ్యా, మనిషి మొహం చూడకు. మొహం చూస్తే నువ్వు మునుగుతావు, లేకపోతే వాడు మునుగుతాడు." ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో నేను వదలకుండా పట్టుకున్నది ఇదొక్కటే. ఇందులో సగం తప్పని తర్వాత తెలిసింది.

దుకాణం అంటే రేకుల షెడ్డు. పన్నెండు టీవీలు, పన్నెండు గేమ్ పెట్టెలు, ఇరవై నాలుగు కుర్చీలు. గంటకి పది రూపాయలు. పెట్టుబడిలో మూడో వంతు అంజిది. వాడికి టీవీ గేములంటే మొదటి నుంచీ పడదు.

"బావా, దీనికి టీవీ కావాలి, కరెంటు కావాలి, కుర్చీ కావాలి, అద్దె గది కావాలి. సెల్లు గేముకి రెండు సెల్లులు చాలు. లారీ డ్రైవర్ ఇక్కడి మార్కెట్ యార్డు బయట రెండు రోజులు పడిగాపులు కాస్తాడు. వాడి చేతిలో ఒకటి పెడితే రోజుకి అయిదు రూపాయలు."

"వాడు లోడు ఎక్కించుకుని మద్రాసు వెళ్ళిపోతే?"

"నమ్మకం ఉండాలి బావా."

నమ్మకం ఉంచాం. మొదటి ఏడాది ఎనిమిది సెల్లు గేములు మద్రాసు వెళ్ళాయి, తిరిగి రాలేదు.

ఈ రెండింటి మధ్య తేడా అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. చేతి గేము జేబులో పడుతుంది. దాని గుణమూ అదే, లోపమూ అదే. ఆడేవాడు తల వంచుకుని ఒక్కడే ఆడతాడు, పక్కవాడికి ఏమీ కనపడదు. టీవీ గేము దగ్గర ఇద్దరు ఆడుతుంటే వెనక ఏడుగురు నిలబడతారు. ఆ ఏడుగురిలో ముగ్గురు రేపు కుర్చీ అడుగుతారు. చూసేవాడు డబ్బివ్వడు కదా అని తరిమేసిన దుకాణాలు మా బజార్లోనే రెండు మూతపడ్డాయి.

టీవీ గేముకి ఉన్న జబ్బు కరెంటు. పది నుంచి పన్నెండు దాకా కోత అని చెప్పి తొమ్మిదిన్నరకే తీసేవాళ్ళు. గంటకి డబ్బు కట్టినవాడు ఇరవై నిమిషాలకే చీకట్లో కూర్చోవాలి. మొదట్లో ఇందుకోసం కొట్లాటలయ్యేవి. తర్వాత ఒక పద్ధతి పెట్టాను. కరెంటు పోగానే గడియారం చూసి, మిగిలిన నిమిషాలు టీవీల వెనక గోడ మీద సుద్దముక్కతో పేరు పక్కన రాసేవాణ్ణి. ఆ నిమిషాలు ఎప్పుడొచ్చి అడిగినా ఇవ్వాల్సిందే, అందులో బేరం లేదు. దీన్ని పేటలో 'కరెంటు బాకీ' అనేవాళ్ళు. వేరే దుకాణాలు ఈ బాకీ ఇచ్చేవి కావు. నా దుకాణం పదమూడేళ్ళు నిలబడిందంటే ఆ గోడ వల్లే.

ఖాసిం భాయ్ వేలు

ఖాసిం భాయ్ జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పత్తి సీజను నడుమ ఒకరోజు రోలరు సర్దుతుంటే కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు అందులో పడ్డాయి. గుంటూరులో కోసి కుట్టారు. వేళ్ళు నిలిచాయి గానీ చూపుడు వేలు మడతపడలేదు. మిల్లు మేనేజరు చూసి, "సీజను ముందు మిషన్లు విప్పి కట్టే పని సెప్టెంబరులో మొదలవుతుంది. అప్పటికి నట్టు బిగించగలిగితే నీ పని నీది. లేకపోతే గేటు దగ్గర కూర్చో" అన్నాడు. గేటు దగ్గర జీతం ఫిట్టరు జీతంలో సగం. ఆయన ఇంట్లో ఆరుగురు. ఆ సగంతో వాళ్ళకి పదిహేను రోజులు గడుస్తుంది.

ఫిబ్రవరిలో ఆయన మా దుకాణానికొచ్చి, పిల్లలు పిట్టల్ని కాల్చే ఆట చాలాసేపు చూశాడు. ఎగిరే పిట్టల మీదికి ప్లాస్టిక్ తుపాకీ గురిపెట్టి మీట నొక్కాలి. తగిలితే పిట్ట పడుతుంది.

"ఏమయ్యా సాంబయ్యా, ఆ తుపాకీ మీట గట్టిగా ఉంటుందా?"

"గట్టిగానే ఉంటుంది భాయ్. చిన్నపిల్లలైతే రెండు వేళ్ళు పెట్టి లాగుతారు."

"అయితే నాక్కావాల్సింది అదే."

అంజి పక్కనే ఉన్నాడు. బేరం పోనివ్వడు కదా, సెల్లు గేము ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "భాయ్, ఇది ఇంటికే తీసుకెళ్ళొచ్చు. కరెంటుతో పని లేదు." ఖాసిం భాయ్ పట్టుకున్నాడు. జారి కింద పడింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ పడింది. వస్తువు బరువు మోస్తూ, అదే చేత్తో బటన్ నొక్కాలి మరి.

"ఒరేయ్ అంజీ, ఇది ఆడాలంటే ముందు వేళ్ళుండాలి. నాకు వేళ్ళు రావడానికి ఆట కావాలి" అన్నాడు.

తుపాకీనైతే కుర్చీ వీపు మీద ఆనించుకోవచ్చు. బరువు కుర్చీ మోస్తుంది, వేలు ఒక్కటే పని చేస్తుంది. ఈ రెండు రకాల ఆటల గురించి నాకు ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళు లేరు.

డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నాడట. "పిసుకుతూనే ఉన్నాను. ఎంత పిసికినా బంతి బంతిలాగే ఉంటుంది. ఇక్కడైతే పిట్ట పడుతుంది" అన్నాడు. ప్రమాదానికి మిల్లు వాళ్ళిచ్చిన డబ్బులోంచి వెయ్యి తీసి, వంద గంటలకి ముందే కట్టాడు. వందకి నూట అయిదు గంటలు ఇమ్మన్నాడు. నేనివ్వలేదు.

మొదటి వారం ఒక్క పిట్టా పడలేదు. మీట నొక్కేలోపు పిట్ట తెర దాటిపోయేది. నలభై అయిదేళ్ళ మనిషి, గడ్డం ఉన్న మనిషి, కుర్చీకి అడ్డంగా కూర్చుని బొమ్మ తుపాకీతో చెమటలు కక్కుతుంటే వెనక జనం చేరేవాళ్ళు.

"ఏం భాయ్, కూరకి దొరికాయా?"

"మీ ఇంటికి పంపాను, చూసుకోలేదా?"

అలా నవ్వులతోనే పదో రోజో పదకొండో రోజో ఒక పిట్ట పడింది. ఆయన తుపాకీ మళ్ళీ కుర్చీ వీపు మీద సర్దుకున్నాడు. వెనకున్నవాళ్ళు మాత్రం క్రికెట్లో సిక్సరు కొట్టినట్టు అరిచారు. పక్క టీవీలో బైకుల ఆట ఆడేవాడు ఉలిక్కిపడి గోడకి గుద్దేశాడు. తెరలోని గోడకే లెండి.

పరీక్షల నెల

మార్చి వస్తే వీడియో గేముల దుకాణానికి ఎవరూ రారు. పరీక్షలు. హెడ్మాస్టర్లు సైకిళ్ళ మీద తిరిగి చూసిపోతారు. అంతకుముందు ఏడాది రేకుల వేడికి రెండు పెట్టెలు వంగిపోయాయి. ఈసారి దుకాణం మూసి సరుకు ఎక్కడైనా చల్లగా దాచాలి అనుకున్నాం. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే పాత స్నేహితుడొకడు, "మిర్చి ఏడాది పొడుగునా రంగు చెడకుండా ఉంటోంది, నీ డబ్బాలు నెలన్నర ఉండవా?" అన్నాడు.

లెక్క వేశాను. మిర్చి గోతాన్ని మేం టిక్కీ అంటాం. నా సరుకంతా నాలుగు టిక్కీల్లో పడుతుంది. నాలుగు టిక్కీల అద్దె, కొత్త పెట్టె ఖరీదులో పదో వంతు కూడా లేదు. అంజి కూడా ఒప్పుకున్నాడు. మా ఇద్దరికీ ఏ విషయంలోనూ అభిప్రాయం కలవదు. ఇందులో కలిసినప్పుడే అనుమానించాల్సింది.

ఖాసిం భాయ్ మాత్రం ఒప్పుకోలేదు.

"దుకాణం మూస్తే నా గంటల సంగతేంటి?"

"మే నెలలో వచ్చి ఆడుకో భాయ్. పిల్లలకి పరీక్షలు కదా."

"నా వేలికి పదో తరగతి పరీక్షలు లేవయ్యా. నెలన్నర ఆపితే మళ్ళీ కట్టెలా బిగుసుకుపోతుంది. కుదరదంటే మిగిలిన డబ్బు ఇచ్చెయ్."

ఆ డబ్బుతో అప్పటికే కరెంటు బిల్లు కట్టేశాను. అందుకని ఒక పెట్టె, ఒక టీవీ, ఒక తుపాకీ దుకాణంలోనే ఉంచి, రోజూ ఆయన ఒక్కడి కోసం సగం షట్టరు ఎత్తాను. ఇది నేను జాలితో చేశానని పేటలో కొందరు అనుకున్నారు. డబ్బు లేక చేశాను. ఆ నెలన్నరలో నేను కూడా వెనక కూర్చుని చూడడం మొదలుపెట్టాను, వేరే పని లేక. ముల్లు చూడమన్న షావుకారు మాట అక్కడే కొంచెం సడలింది. ఎన్ని పిట్టలు పడ్డాయో లెక్క తప్పేది. ఆయన పళ్ళు బిగించి మీట లాగుతున్నాడా, మామూలుగా లాగుతున్నాడా, అది చూసేవాణ్ణి. ఏప్రిల్ చివరికి పళ్ళు బిగించడం మానేశాడు.

ఒక పూట

సెలవులు మొదలైన రోజు పొద్దున్నే సరుకు తెచ్చాం. టిక్కీలు దించుతూ కోల్డ్ స్టోరేజీ హమాలీ, "ఒక పూట నీడన పడేసి విప్పండి" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. చలిలోంచి బయటికొచ్చిన మిర్చి టిక్కీని వెంటనే విప్పితే గాలిలోని తేమంతా కాయకి పడుతుంది, కాయ నల్లబడుతుంది. పన్నెండేళ్ళు యార్డులో నేనే ఎంతమంది రైతులకో చెప్పాను. ఆ రోజు మాత్రం హమాలీతో, "ఇవి మిర్చి కాదులే" అన్నాను.

షట్టరు బయట నలభై మంది పిల్లలు నిలబడ్డారు. పరీక్షలైపోయిన పిల్లల్ని ఒక పూట ఆగమనడానికి అంజికి నోరు రాలేదు, నాకు మనసు రాలేదు. విప్పాం. పెట్టెల మీద మంచులాంటి తడి. గుడ్డతో పైపైన తుడిచి పదకొండు ప్లగ్గులూ వరసగా పెట్టి, మెయిన్ ఎత్తాం. పైన తుడిచాం సరే, లోపల ఎవరు తుడుస్తారు? చిటపటమని చిన్న చప్పుడు, ఆ తర్వాత పొగ. మొదట మూడు పోయాయి. అంజి మెయిన్ దించబోయి కంగారులో ఫ్యాను స్విచ్చి ఆపాడు. ఈలోపు మిగిలిన ఎనిమిదీ పోయాయి.

సెల్లు గేములకైతే కరెంటు భయం లేదుగా అని అంజి వాటి మీద ఆశ పెట్టుకున్నాడు. వాటిలో సెల్లులు తీయకుండానే మూటకట్టాడు. అవి కారి లోపలి రేకులన్నీ తిన్నాయి. ముప్పైలో మూడు బతికాయి. క్యాసెట్లూ తుపాకులూ కూడా లోపలి తడికే పోయాయి.

అన్నిటికంటే చివర తెలిసింది రిమోట్ల సంగతి. నెలన్నర మిర్చి మధ్య ఉన్నాయి కదా, ఘాటు పట్టేసింది. ఒకటి రెండు పట్టుకుని చూసిన పిల్లలు కళ్ళు నలుపుకున్నారు. పావుగంటలో దుకాణమంతా ఏడుపే. ఒకతను రోడ్డు మీంచి తొంగిచూసి, "ఎవరు పోయారండీ?" అని అడిగాడు. పదకొండు పోయాయని చెప్పాను.

మిగిలిన ఒక్కటి

మిగిలింది ఖాసిం భాయ్ కోసం ఉంచిన పెట్టె ఒక్కటే. వేసవి సెలవులు నలభై అయిదు రోజులు, మా ఏడాది సంపాదనలో సగం ఆ రోజుల్లోనే రావాలి. ఆయనకి ఇంకా యాభై పైచిలుకు గంటలు ఇవ్వాలి.

అంజి సూటిగానే అన్నాడు. "బావా, భాయ్‌ని జూన్ దాకా ఆగమను. ఆ కుర్చీ ఇప్పుడు బంగారం."

లెక్క ప్రకారం వాడిదే నిజం. ఒక్క పెట్టె మీద ఇద్దరు చొప్పున పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడిస్తే అద్దె, కరెంటు గట్టెక్కుతాయి. రోజుకి ఒక గంట తీసేస్తే గట్టెక్కవు. ఈ సంగతి ఆయనకి ఎలా చెప్పాలా అని తల పట్టుకుని కూర్చుంటే ఆయనే వచ్చాడు. చచ్చిన పెట్టెల్ని వరసగా చూశాడు. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి తుమ్మాడు.

"హమాలీ చెప్పలేదా?"

"చెప్పాడు."

"నువ్వేమన్నావ్?"

"ఇవి మిర్చి కాదన్నాను."

ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది. "నువ్వు పిల్లల కోసం ఎన్నింటికి తీస్తావ్?" అన్నాడు.

"ఏడింటికి."

"నేను ఆరింటికి వస్తా. నీకు నిద్ర చెడుతుంది, నాకు వేలు నిలుస్తుంది. సరేనా?"

ఆ వేసవి నలభై అయిదు రోజులూ ఆరు గంటలకి షట్టరు ఎత్తాను. తన మాట వినలేదని అంజి నాతో మాట్లాడకపోయినా, అయిదో రోజు నుంచి ఆయనకి టీ తెచ్చి పెట్టేవాడు. కుడిచేతి పక్కన పెట్టేవాడు, గ్లాసు ఆ చేత్తో పట్టుకోవాలని. మొదట్లో ఒలికింది. జూన్ నాటికి ఒలకలేదు.

కొత్తవాళ్ళకి ఒక మాట. మీ దుకాణం మునిగేటప్పుడు, ముందే డబ్బు కట్టినవాడి గంటలే మొదట కోయాలనిపిస్తుంది, ఎందుకంటే వాడి డబ్బు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. అక్కడ కోయకండి. మేం కోయలేదని పేటంతా తెలిసింది. ఒక్క పెట్టె ముందు పిల్లలు వంతు కోసం గంటలకొద్దీ నిలబడ్డారే గానీ, పక్క దుకాణానికి పోలేదు. వానాకాలానికి మూడు పెట్టెలు కొన్నాం. వాటిని అమ్మినవాడు, "చల్లని చోట ఉంచండి" అన్నాడు. అంజి బయటికెళ్ళి నిలబడ్డాడు.

నట్టు

సెప్టెంబరులో మిల్లు నుంచి కబురొచ్చింది. రమ్మన్న రోజుకి ముందు సాయంత్రం ఖాసిం భాయ్ ఆడుతుండగా కరెంటు పోయింది. గడియారం చూసి, గోడ మీద ఆయన పేరు పక్కన మిగిలిన నిమిషాలు రాశాను. వంద గంటల్లో ఇక మిగిలింది అదే. "రేపటి సంగతి చూసుకుని వచ్చి ఆడతాలే" అన్నాడు.

మర్నాడు నేను దుకాణం తీయలేదు. పొద్దున కోత ఎటూ ఉంది కాబట్టి నష్టం లేదని అంజికి చెప్పాను. ఇద్దరం మిల్లుకెళ్ళి గేటు దగ్గర బల్ల మీద కూర్చున్నాం. ఆయనకి పని దొరక్కపోతే రేపటి నుంచి కూర్చోవాల్సిన బల్ల అదే.

మేనేజరు గేటు దగ్గరికే వచ్చి, బోల్టు ఒకటి ఖాసిం భాయ్ ఎడమ చేతికిచ్చి, నట్టు మా పక్కనే బల్ల మీద పెట్టాడు. ఖాసిం భాయ్ కుడిచేత్తో నట్టు తీశాడు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టి, మర మీదికి ఎక్కించి తిప్పాడు. సగంలో ఒకసారి ఆగాడు. అంజి నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. మళ్ళీ తిప్పాడు. చివరిదాకా వెళ్ళింది.

మేనేజరు బోల్టు తీసుకుని నట్టు లాగి చూశాడు. "వేలు ఇంకా వంకరగానే ఉందే."

"వేలు వంకర సార్. నట్టు తిన్నగానే ఉంది."

"ఎవరి దగ్గర వైద్యం? గుంటూరులోనా?"

"ఇక్కడేనండీ, పేటలోనే. పిట్టలు."

"పావురాల మాంసమా?"

"కాదండీ, కాల్చినవే. తినలేదు."

మేనేజరుకి అర్థం కాలేదు, ఎవరూ చెప్పలేదు. మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నాడు.

మూసిన తర్వాత

ఖాసిం భాయ్ సీజనంతా మిల్లులోనే ఉండిపోయాడు. తర్వాత సీజనూ అంతే. బజార్లో కనపడినప్పుడల్లా, "భాయ్, నీ నిమిషాలు ఉన్నాయి" అని గుర్తుచేసేవాణ్ణి.

"ఉండనీవయ్యా. మళ్ళీ వేలు ఇరుక్కుంటే పనికొస్తాయి."

ఈలోగా అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. ఫోనులోనే ఆట ఉంటే గంటకి పది రూపాయలు ఇచ్చేవాడెవడు? చేతి గేమే గెలిచింది, అంజి చెప్పినట్టే. కాకపోతే గెలిచింది వాడి సెల్లు గేము కాదు. ఈ మాట వాడి ముందు అనను.

దుకాణం మూసే నెలలో గోడ మీద పేర్లున్న వాళ్ళందరికీ కబురు పెట్టి, వాళ్ళ నిమిషాలు ఆడించి, ఒక్కొక్క పేరూ తడిగుడ్డతో తుడిచాను. రాలేనన్నవాళ్ళకి డబ్బు ఇచ్చాను. ఖాసిం భాయ్ రానూ లేదు, డబ్బు తీసుకోనూ లేదు. "నేను డబ్బుకి కొనలేదు, వేలికి కొన్నాను. వేలు వచ్చింది కదా" అన్నాడు. అయినా బాకీ బాకీయే.

ఇప్పటి పలక టీవీల మీద ఆ తుపాకీ పని చేయదు. పిట్ట మీద గురిపెట్టి ఎన్నిసార్లు నొక్కినా అది ఎగురుకుంటూ వెళ్ళిపోతుంది. వెనక గూడు ఉన్న పాత టీవీయే కావాలి. అందుకని ఒక పాత టీవీ, ఒక పెట్టె, ఒక తుపాకీ మా ఇంటి ముందు గదిలో ఉంచాను. గది ఇరుకైపోయిందని, పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమని మా ఆవిడ ఏడాదికి రెండుసార్లు అంటుంది. ఇంకొకరి సొత్తు ఎలా ఇస్తానని నేనంటాను. నెలకొకసారి ప్లగ్గు పెట్టి, పిట్టలు ఎగురుతున్నాయో లేదో చూసి ఆపేస్తాను. ఆడను. నేను ఆడితే ఆయన వాటాలోంచి పోతుందేమోనని ఒక అనుమానం.

ఖాసిం భాయ్‌కి నేను ఇవ్వాల్సింది ఇంకా ముప్పై ఎనిమిది నిమిషాలు.